సైనైడ్ ఆపేసేది దేన్ని? జవాబు వెతికిన మన భీమవరం డాక్టర్.. యల్లాప్రగడ సుబ్బారావు కథ

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో నాము అంటే ఏంటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. వానలు మొహం చాటేస్తాయి. జొన్న పైరు మోకాలెత్తులోనే వాడిపోతుంది. లేదంటే కోసిన మోళ్ల నుంచి మళ్లీ పచ్చగా పిలకలు లేస్తాయి. ఆకలి మీదున్న ఎద్దో, గొర్రెల మందో ఆ చేలో పడుతుంది. అంతే.. కాసేపటికే పశువు ఎగపోస్తుంది, వణుకుతుంది, కాళ్లు తన్నుకుంటూ కూలిపోతుంది. పశువుల డాక్టర్ వచ్చేలోపే ప్రాణం పోయిన సందర్భాలు ఎన్నో.

రైతు నాము అని పిలిచే ఆ విషం మరేదో కాదు.. సైనైడ్. లేత జొన్నలో, ఎండకు గిడసబారిన జొన్నలో ధురిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. పశువు నమిలి మింగాక కడుపులో అదే హైడ్రోజన్ సైనైడ్‌గా మారుతుంది. అందుకే పూత రాకముందు జొన్న చేలో పశువుల్ని వదలొద్దని పశువైద్యులు ప్రతి ఏడాదీ చెబుతూనే ఉంటారు.

మనుషుల విషయంలోనూ ఈ విషం అంతే వేగంగా పనిచేస్తుంది. బంగారం, వెండికి పూత పెట్టే చోట జరిగే ప్రమాదం కావచ్చు. బస్సులోనో, ఇంట్లోనో మంటలు లేచినప్పుడు సీట్ల ఫోమ్, ప్లాస్టిక్ కాలి వచ్చే పొగ కావచ్చు. ఆస్పత్రికి వచ్చిన మనిషికి సైనైడ్ సోకిందా లేదా అని తేల్చేది రక్తపరీక్ష. అసలు ఆ పరీక్షలో డాక్టర్లు ఏం చూస్తారు? సైనైడ్ మన ఒంట్లో దేన్ని ఆపేస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరకడంలో మన తెలుగు డాక్టర్ ఒకాయన పాత్ర చాలా ఉంది. కానీ ఆ పరీక్ష గురించి విన్నవాళ్లలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

రక్తం ఎర్రగానే ఉంటుంది.. ప్రాణం మాత్రం పోతుంది!

సైనైడ్ వల్ల చనిపోతున్న మనిషిలో ఒక వింత కనిపిస్తుంది. ఊపిరి అందక పోయే మనిషి రక్తం నల్లబడాలి కదా? ఇక్కడ అలా జరగదు. సిరల్లోని రక్తం కూడా మెరిసే ఎరుపులోనే ఉంటుంది. అంటే రక్తంలో ఆక్సిజన్ ఉంది. గుండె దాన్ని మోసుకెళ్తోంది. కానీ కణాలు దాన్ని వాడుకోలేకపోతున్నాయి.

మన ఒంట్లో దాదాపు అన్ని కణాల్లోనూ మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలు ఉంటాయి. ఆక్సిజన్‌ను వాడుకుని, తిన్న తిండి నుంచి శక్తిని తీసేది అక్కడే. ఆ పొయ్యిలో ఆఖరి మెట్టు దగ్గర ఇనుము ఉన్న ఒక ఎంజైమ్ ఉంటుంది. సైనైడ్ నేరుగా వెళ్లి ఆ ఇనుముకు అతుక్కుంటుంది. పొయ్యి ఆరిపోతుంది. పొయ్యి నుంచి రావాల్సిన శక్తి ఆగిపోతుంది. ఆ శక్తి ఏ రూపంలో ఉంటుందంటే.. ఏటీపీ. పూర్తి పేరు అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్. ఇంటర్ బైపీసీ పిల్లలు అందరూ చదివేదే.

1929లో ఈ ఏటీపీని కండరం నుంచి వేరుచేసి లోకానికి చూపించిన ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తల్లో.. ఆ రెండో ఆయన అసలు అమెరికన్ కాదు. భీమవరంలో పుట్టిన సుబ్బారావు. అప్పటికి ఆయన దగ్గర పూర్తి స్థాయి ఎంబీబీఎస్ డిగ్రీ కూడా లేదు.

మూడోసారికి పాసైన కుర్రాడు

1895 జనవరి 12న భీమవరంలో సుబ్బారావు పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఇంటి నిండా పిల్లలు, చాలీచాలని జీతం. తండ్రి ఆరోగ్యం దెబ్బతిని ఉద్యోగానికి దూరం కావడంతో కుటుంబం చితికిపోయింది. పిల్లల చదువుల భారం తల్లి మీద పడింది.

సుబ్బారావుకు మొదట్లో చదువు మీద పెద్దగా మనసు లేదు. పదమూడేళ్ల వయసులో ఇంట్లోంచి పారిపోయారని చెబుతారు. కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్నది ప్లాన్. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. వెంకమ్మ మాత్రం వదల్లేదు. నగలు తాకట్టు పెట్టి మరీ కొడుకును బడికి పంపారు. రాజమండ్రిలో చదివి, రెండుసార్లు మెట్రిక్ తప్పి, చివరికి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి మూడోసారికి పాసయ్యారు.

ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్. రామకృష్ణ మఠం వైపు మనసు లాగింది. సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. పదిమందికి సేవ చేయాలంటే డాక్టర్ కావచ్చు కదా అన్న మాట దగ్గర ఆయన ఆగారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు సాయం చేశారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి అనే పెద్దమనిషి ఆదుకున్నారు. 1919లో ఆయన కూతురు శేషగిరినే సుబ్బారావు పెళ్లి చేసుకున్నారు.

ఇంతలో ఇంటిమీద మరో పిడుగు. కొద్దిరోజుల తేడాతో ఇద్దరు అన్నదమ్ములు కన్నుమూశారు. అన్న పురుషోత్తంను బలితీసుకున్న జబ్బు స్ప్రూ. తిన్నది వంటికి పట్టదు, రక్తం విరిగిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అప్పట్లో దానికి సరైన మందే లేదు. ఆ జబ్బు సుబ్బారావును కూడా పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద వైద్యంతో ఆయన బతికి బయటపడ్డారు. ఈ మందులేని జబ్బులకు మందు కనిపెట్టాలన్న పట్టుదల అక్కడే పుట్టింది.

ఖద్దరు వేసుకున్నందుకు..

మెడికల్ కాలేజీ రోజుల్లోనే గాంధీ పిలుపు మోగింది. విదేశీ బట్ట వద్దన్నారు. సుబ్బారావు ఆపరేషన్ గదికి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షల్లో బాగా చేసినా చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, ఎల్ఎంఎస్ అనే దిగువ స్థాయి సర్టిఫికెట్.

ఆ కాగితం ఆయన దారిని మార్చేసింది. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగం కోసం ప్రయత్నిస్తే దొరకలేదు. చివరికి లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కాలేజీలోనే అనాటమీ చెప్పే లెక్చరర్‌గా కుదురుకున్నారు. అల్లోపతి చదివిన మనిషి ఆయుర్వేద కాలేజీలో పాఠం చెప్పడం అప్పట్లో కొందరికి చిన్నతనంగా అనిపించి ఉండొచ్చు. సుబ్బారావుకు మాత్రం తనను బతికించిన వైద్యం అది. దాన్నీ కొత్త పద్ధతుల్లో పరీక్షించి చూడాలన్నది ఆయన ఆలోచన.

పై చదువుకు అమెరికా వెళ్లాలి. కానీ చేతిలో పైసా లేదు. మామగారు కొంత సర్దారు. కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేసింది. అలా 1922 అక్టోబర్ 26న సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. మూడేళ్లలో తిరిగొస్తానని భార్యకు చెప్పి బయల్దేరారు. అప్పటికి ఆమె గర్భిణి.

ఆ తర్వాత పుట్టిన కొడుకు ఏడాది కూడా నిండకుండానే జబ్బు చేసి చనిపోయాడు. ఆ బిడ్డ మొహం తండ్రి చూడనే లేదు. మూడేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. సుబ్బారావు మళ్లీ ఇండియాకు రాలేదు. శేషగిరి ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఈ కథలో అన్నిటికంటే బరువైన మూల్యం చెల్లించింది ఆమెనే అనక తప్పదు.

రాత్రి బెడ్‌పాన్లు.. పగలు హార్వర్డ్

బోస్టన్‌లో దిగిన మనిషికి స్కాలర్‌షిప్ లేదు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు గానీ, పూట గడవాలి కదా? పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రి పోర్టర్‌గా చేరారు. రోగుల బెడ్‌పాన్లు కడగడం, వార్డులు శుభ్రం చేయడం. మద్రాసులో డాక్టర్ చదువు చదివిన మనిషి చేసిన పని అది. డిప్లొమా అయ్యాక బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు.

ఫిస్క్ అప్పగించిన పని చూడ్డానికి చిన్నదే. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవాలి. అప్పటికి ఉన్న పద్ధతులు నమ్మకంగా పనిచేయడం లేదు. పిల్లల ఎముకలు వంగిపోయే రికెట్స్ జబ్బులోనూ, కిడ్నీలు దెబ్బతిన్నప్పుడూ ఈ లెక్క డాక్టర్లకు చాలా అవసరం.

నీలం రంగు చెప్పిన లెక్క

1925లో ఫిస్క్, సుబ్బారావు కలిసి కొత్త పరీక్షను ప్రచురించారు. నేటికీ బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో దాని పేరు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి.

అదెలా పనిచేస్తుందంటే.. రక్తం నుంచి ముందు ప్రొటీన్లను తీసేస్తారు. మిగిలిన నీటిలో మాలిబ్డేట్ అనే రసాయనం కలుపుతారు. ఫాస్ఫేట్ ఉంటే దాంతో జతకడుతుంది. దానికి మరో రసాయనం చేరిస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. ఆ రంగును తెలిసిన నమూనాతో పోల్చి చూస్తే లెక్క తేలిపోతుంది. ఇంత సులువు కావడంతో ప్రపంచంలో ఎక్కడెక్కడి ల్యాబ్‌లూ దాన్ని అందుకున్నాయి.

ఇవాళ కర్నూలులోనో, ఆదోనిలోనో కిడ్నీ రోగి రక్తం ఇస్తే మెషీన్ నిమిషాల్లో ఫాస్ఫరస్ అంకె చెప్పేస్తుంది. మెషీన్లు మారాయి, రసాయనాలు కొంత మారాయి. కానీ ఫాస్ఫేట్‌ను మాలిబ్డేట్‌తో కలిపి, వచ్చే మార్పును వెలుతురుతో కొలవడం అనే మూలసూత్రం మాత్రం అదే.

అసలు మలుపు ఇక్కడే ఉంది. ఇదే పరీక్షను కండరం రసం మీద చేస్తుంటే సుబ్బారావుకు ఒక తేడా కనిపించింది. నీలం రంగు ఒక్కసారిగా రావడం లేదు. మెల్లమెల్లగా, ఆగి ఆగి పెరుగుతోంది. వేరేవాళ్లైతే రసాయనం పాడైందేమో అనుకుని పారబోసేవారు. వీళ్లు ఆగి ఆలోచించారు. ఫాస్ఫరస్ ఏదో పదార్థంతో అంటుకుని ఉంది, అది విడిపోతున్న కొద్దీ రంగు వస్తోంది.. ఇదీ వాళ్ల అనుమానం.

అనుమానం నిజమైంది. ఆ పదార్థం ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దాన్ని ప్రకటించారు. అదే సమయంలో ఇంగ్లండ్‌లో ఎగల్టన్ దంపతులు కూడా దాన్ని విడిగా గుర్తించారు. రెండేళ్లకు, 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని పట్టుకున్నారు.

నోబెల్ సిద్ధాంతానికే చెక్!

అప్పటిదాకా కండరం కదలడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని అనుకునేవారు. కండరాల మీద చేసిన పరిశోధనకే 1922 నోబెల్‌ను ఆర్కిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హాఫ్ అందుకున్నారు. ఫాస్ఫోక్రియాటిన్ దొరకడంతో ఆ ఆలోచన కదిలిపోయింది.

దాన్ని పూర్తిగా పక్కకు నెట్టింది కూడా ఒక విషంతో చేసిన ప్రయోగమే. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనార్ లుండ్స్‌గార్డ్ కండరానికి అయోడో అసిటేట్ అనే విషం ఇచ్చారు. లాక్టిక్ ఆమ్లం తయారీ ఆగిపోయింది. అయినా కండరం కొంతసేపు కదిలింది. కదులుతున్నంతసేపూ ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతూ వచ్చింది. అంటే శక్తి మూట ఫాస్ఫేట్లలో ఉందన్నమాట.

మరోవైపు జర్మనీలో ఒట్టో వార్‌బర్గ్ సైనైడ్‌ను ఒక పనిముట్టులా వాడారు. కణం ఊపిరిని సైనైడ్ ఎక్కడ ఆపుతుందో వెతుకుతూ, ఇనుము ఉన్న ఎంజైమ్ దగ్గరికి చేరారు. 1931లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ రెండు దారులూ తర్వాత కలిశాయి. పొయ్యి ఎక్కడ ఆరుతుందో వార్‌బర్గ్ దారి చెప్పింది. పొయ్యి ఆరితే ఏది కరువవుతుందో ఫిస్క్, సుబ్బారావు, లోమన్ పట్టుకున్న ఏటీపీ చెప్పింది. కణానికి చిల్లర డబ్బు లాంటిది ఏటీపీ అన్న సంగతి 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ రాసిన వ్యాసంతో అందరికీ స్థిరపడింది.

మరి ఆస్పత్రిలో ఏం చూస్తారు?

ఇప్పుడు మళ్లీ ఎమర్జెన్సీ వార్డుకు వద్దాం. సైనైడ్ సోకిందన్న అనుమానంతో మనిషిని తీసుకొచ్చారు. ఎమ్మిగనూరు నుంచి ఆదోని 30 కిలోమీటర్లు, ఆదోని నుంచి కర్నూలు పెద్దాస్పత్రి సుమారు 100 కిలోమీటర్లు. ఈ విషానికి అంత టైమ్ ఇచ్చే ఓపిక లేదు.

సైనైడ్‌ను నేరుగా కొలిచే పరీక్ష ఉంది. రక్తానికి ఆమ్లం కలిపితే సైనైడ్ వాయువుగా పైకి లేస్తుంది. మూత బిగించిన చిన్న గిన్నెలో పక్కనే క్షారం పెడితే ఆ వాయువు అందులో ఇంకుతుంది. దానికి రసాయనాలు చేరిస్తే రంగు వస్తుంది. రంగు ఎంత ముదురుగా ఉంటే సైనైడ్ అంత ఎక్కువ. అవును.. ఇక్కడా రంగును బట్టి లెక్క కట్టడమే. సుబ్బారావు తరం ల్యాబ్‌లకు నేర్పిన విద్యే ఇది.

కానీ ఈ పరీక్ష అన్ని ఊళ్లలో ఉండదు. ఉన్నచోట కూడా రిపోర్టుకు టైమ్ పడుతుంది. అందుకే డాక్టర్లు ముందు లాక్టేట్ చూస్తారు. పొయ్యి ఆరిపోయిన కణం ఆక్సిజన్ లేకుండానే ఎలాగోలా కాస్త ఏటీపీ చేసుకోవాలని తంటాలు పడుతుంది. ఆ తంటాలో లాక్టిక్ ఆమ్లం కుప్పలు పడుతుంది. ఒంటికి మంటలు అంటుకోకపోయినా పొగ పీల్చిన మనిషిలో లీటరుకు 10 మిల్లీమోల్స్ దాటి లాక్టేట్ ఉంటే సైనైడ్‌ను గట్టిగా అనుమానిస్తారు. ఈ పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది.

ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. మందు ఇచ్చే ముందే రక్తం తీసి పెట్టాలి. కానీ రిపోర్టు వచ్చేదాకా మందు ఆపకూడదు. రక్తంలో సైనైడ్ గంటలు గడిచే కొద్దీ తగ్గిపోతుంది. ఆ సైనైడ్‌లో ఎక్కువ భాగం ఎర్ర కణాల్లోనే ఉంటుంది కాబట్టి మొత్తం రక్తాన్నే పంపాలి. సీరం ఒక్కటీ పంపితే లెక్క తప్పుతుంది. సీసా గట్టిగా మూత బిగించి, చల్లగా ఉంచాలి. నిల్వ సరిగా లేకపోతే ఉన్న సైనైడ్ పోవచ్చు, లేని సైనైడ్ పుట్టనూ వచ్చు. చనిపోయాక ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లే రక్తానికీ ఇదే జాగ్రత్త. బాదం గింజల వాసన వస్తే సైనైడే అని సినిమాల్లో చూపిస్తారు. నిజానికి ఆ వాసన కొందరి ముక్కుకు అసలు తెలియనే తెలియదు. వాసనను నమ్ముకుంటే కుదరదు.

నాము తగిలిన పశువుకు పశువైద్యులు సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్లు ఇస్తారు. రెండోదాన్నే పాతకాలం ఫొటో స్టూడియోల్లో హైపో అనేవారు. మనుషులకు ఇప్పుడు హైడ్రాక్సోకోబాలమిన్ అనే మందు కూడా ఉంది. అది బీ12 విటమిన్‌లో ఒక రూపం. ఒంట్లోని సైనైడ్‌ను తనకే అంటించుకుని, మామూలు బీ12 మాత్రల్లో ఉండే సైనోకోబాలమిన్‌గా మారి మూత్రంలో బయటికి పోతుంది. బీ12ను కనిపెట్టింది సుబ్బారావు కాదు. కానీ రక్తహీనతను తగ్గించే ఆ పదార్థం కాలేయం రసంలో ఎక్కడుందా అని ఏళ్ల తరబడి వెతికినవాళ్లలో ఆయనా ఒకరు.

పేరు ఎక్కడ పోయింది?

1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. ఫాస్ఫరస్ పరిశోధన పేరు ఎక్కువగా ఫిస్క్‌కే వెళ్లింది. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు అసలు వెలుగులోకే రాలేదని, ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కొత్తగా కనుక్కోవాల్సి వచ్చిందని, దానికి ఫిస్క్ అసూయే కారణమని తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పారు. హిచింగ్స్ కూడా అదే ల్యాబ్‌లో చదువుకున్న మనిషే.

సుబ్బారావు గొడవకు దిగలేదు. పేటెంట్ల కోసం, ఫొటోల కోసం పాకులాడలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబ్‌కు వెళ్లిపోయారు. రెండేళ్లకే పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు.

ఆ తర్వాత ఆరేళ్లలో ఆయన టీమ్ చేసినవి చూస్తే కళ్లు తిరుగుతాయి. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసి చూపించారు. అన్నను చంపిన స్ప్రూ జబ్బుకు అదే మందు అయింది. 1947లో ఫైలేరియా మందు హెట్రాజాన్ వచ్చింది. దాని అసలు పేరు డీఈసీ. బోదకాలు నివారణకు నేటికీ మన దేశంలో ఊరూరా ఆ మాత్రలు పంచుతున్నారు. ఆయన డైరెక్టర్‌గా ఉన్న రోజుల్లోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను తీశారు. టెట్రాసైక్లిన్ రకం మందుల్లో మొదటిది అదే.

ఇక క్యాన్సర్. ఫోలిక్ యాసిడ్‌కు దగ్గరగా ఉంటూ దాని పనిని అడ్డుకునే మందులను సుబ్బారావు టీమ్ తయారుచేసి బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు పంపింది. రక్త క్యాన్సర్‌తో చావుకు దగ్గరైన 16 మంది పిల్లలకు ఆయన ఆ మందు ఇచ్చారు. పదిమందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ వార్త వైద్య లోకాన్ని కుదిపేసింది. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను రక్త క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి డాక్టర్లు ఇప్పటికీ రాస్తున్నారు.

ఇక్కడా అదే తెలివి కనిపిస్తుంది. కణానికి ఏది అవసరమో తెలిస్తే, దాన్ని ఆపితే ఏమవుతుందో తెలుస్తుంది. సైనైడ్ ఆ పనిని అడ్డగోలుగా చేసి మనిషిని చంపుతుంది. సుబ్బారావు టీమ్ అదే పనిని లెక్కగా చేసి క్యాన్సర్ కణాన్ని ఆపాలని చూసింది.

ఆ వార్త వచ్చిన రెండు నెలలకే..

1948 ఆగస్టు. ఒక రాత్రి నిద్రలోనే సుబ్బారావు గుండె ఆగిపోయింది. వయసు 53. అప్పటికి ఇండియాకు స్వాతంత్ర్యం వచ్చి ఏడాది. 1946 నుంచి ఇండియన్లు అమెరికా పౌరసత్వం తీసుకోవడానికి చట్టం దారి తెరిచింది. ఆయన తీసుకోలేదు. ఖద్దరు గౌను వేసుకున్నందుకు డిగ్రీ పోగొట్టుకున్న మనిషి, చివరిదాకా ఇండియన్‌గానే ఉండిపోయారు. కానీ ఆ ఇండియా గడ్డ మీద మళ్లీ అడుగు మాత్రం పెట్టలేకపోయారు.

1995లో ఆయన శతజయంతికి భారత తపాలా శాఖ స్టాంపు తెచ్చింది. ఒక ఫంగస్‌కు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. నోబెల్ రాలేదు. పాఠ్యపుస్తకంలో ఏటీపీ పాఠం ఉంటుంది, ఆయన పేరు చాలాసార్లు ఉండదు.

రక్తంలో సైనైడ్ లాగే గుర్తింపు కూడా టైమ్‌కు పట్టుకుని రాసిపెట్టకపోతే కరిగిపోతుంది. సుబ్బారావు విషయంలో జరిగింది అదే.

అయినా పని మాత్రం మిగిలింది. ఎమ్మిగనూరు పక్క పల్లెలో ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఎర్రటి మాత్రలో ఐరన్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. కిడ్నీ రోగి రిపోర్టులో ఫాస్ఫరస్ అంకె ఉంటుంది. పొగ పీల్చి ఆస్పత్రికి వచ్చిన మనిషి లాక్టేట్ చూసి, ఇతని కణాల్లో ఏటీపీ ఆగిపోతోందని డ్యూటీ డాక్టర్ అనుకుంటారు. ఆ మూడు చోట్లా భీమవరం వెంకమ్మ కొడుకు చేసిన పని ఉంది. మూడో ప్రయత్నంలో మెట్రిక్ పాసైన ఆ కుర్రాడి కథను, ఈసారి మీ ఇంట్లో బైపీసీ చదివే పిల్లలకు చెప్పండి.